దాపటి తొవ్వ

ఈ మధ్య మా వీధిలో డిగ్రీ పూర్తి చేసిన ఇద్దరమ్మాయిలు ఇంటికి వచ్చి, అడవిలో ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగారు. ఆదిలాబాద్ గుట్టల మీది అభయారణ్యం గేటు దగ్గర ఆడపిల్లల్ని కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారట. నేను ఆ గేటు దగ్గరే పనిచేశానని ఎవరో చెప్పారట. "గాలి బాగుంటుంది" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. వాళ్ళు చాయ్ తాగి వెళ్ళిపోయాక, చెప్పవలసిన మాటలన్నీ గోడకు ఆనుకుని కూచుని నాలో నేనే చెప్పుకున్నాను. నాకు ఎప్పుడూ ఇంతే. మనుషులు లేచి వెళ్ళాక మాటలు వస్తాయి. అందుకే రాస్తున్నాను.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరిసి ఉండాలి, ముప్పై ఏళ్ళ సర్వీసు ఉండాలి, గోడ మీద శాలువా కప్పించుకున్న ఫోటో ఉండాలి. నాకు రెండున్నరేళ్ళ కాంట్రాక్టు తప్ప ఏమీ లేదు. కానీ ఆ రెండున్నరేళ్ళలో ఒక రోజు ఉంది. దాన్ని ఎన్నిసార్లు తిప్పి చూసినా తప్పు ఎక్కడ మొదలైందో నాకు పూర్తిగా తేలలేదు. మీకేమైనా తేలుతుందేమో చూడండి.

మాది సిరిసిల్ల. ఇంట్లో మరమగ్గాలు, మా మాటలో సాంచాలు. ముందుగదిలో నాలుగు సాంచాలు నడుస్తుంటే వెనకగదిలో చదువుకున్నాను. మా ఇంట్లో ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. మాట్లాడినా ఆ మోతలో వినపడదు. ఒకసారి అన్నది వినపడకపోతే రెండోసారి అడగం. చేతి సైగ చూసి, పెదవులు చూసి, ఏమన్నారో ఊహించుకుంటాం. చాలాసార్లు ఆ ఊహ సరిపోతుంది. సరిపోనప్పుడు బాపు, అంటే మా నాన్న, వచ్చి సాంచ ఆపుతాడు. కరీంనగర్‌లో తెలుగు సాహిత్యం ప్రధానాంశంగా డిగ్రీ చదివాను. నాకు తోడు ఒక డైరీ, అట్ట ఊడిన నిఘంటువు. కొత్త మాట చెవిన పడితే డైరీలో రాసుకుని, అర్థం వెతుక్కునేదాన్ని. మనిషిని అడగడం కంటే నిఘంటువును అడగడం నాకు సుఖం. అది తిరిగి ప్రశ్న వేయదు.

గేటు దగ్గర నా పని మూడు రకాలు. వచ్చినవాళ్ళ పేర్లు రిజిస్టర్లో రాయడం, జీపులు పంపడం, సెట్ పట్టుకోవడం. సెట్ అంటే వాకీటాకీ. ఫోన్లు ఆ గుట్టల్లో పలికేవి కావు. సెట్లు కూడా ఒకదానికొకటి పలికేవి కావు, మధ్యలో గుట్ట అడ్డం. గేటు దగ్గర పొడవాటి ఏంటెన్నా ఉంది కాబట్టి అందరి మాటలూ నాకే వచ్చేవి. ఈ పక్కవాడి మాట ఆ పక్కవాడికి మోయాలి. నోరు లేనిదాన్ని ఏరికోరి అక్కడ కూచోబెట్టారని జీపు డ్రైవరు నవ్వేవాడు.

ఆ చోటును అందరూ పార్కు అంటారు. నేషనల్ పార్కు అని ఎవరో అంటే, పార్కే కదా అని పిల్లల్ని వెంటేసుకుని వచ్చి "ఊయలలు ఏడున్నయ్ మేడం" అని అడిగేవాళ్ళు. ఊయలలు లేవు. జీపు ఘాట్ రోడ్డు మీద మలుపులు తిరుగుతూ ఎక్కి పైన ఒక రేకుల షెడ్డు దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి చూస్తే గుట్టల వెనక గుట్టలు, నీలం మీద నీలం. షెడ్డు వెనక నుంచి కాలిబాట మొదలై, కొంత దూరం పోయాక రెండుగా చీలుతుంది. కుడి పక్కది పొట్టిది. నేరుగా ఒర్రెలోకి, అంటే వాగులోకి, దిగుతుంది. రాళ్ళెక్కువ, కింద ఒక నీటి మడుగు. ఎడమ పక్కది పొడుగుది. గుట్టను చుట్టి, మెల్లగా కిందికి దిగి, ఘాట్ రోడ్డు సగంలో ఉన్న పాత చెక్‌పోస్టు దగ్గర తేలుతుంది. గేటు కిందికి మారినప్పటి నుంచి ఆ చెక్‌పోస్టులో మనిషి లేడు. పొట్టిదాన్ని ఆఫీసులో దగ్గరి దారి అనీ, పొడుగుదాన్ని దూరం దారి అనీ అనేవాళ్ళం. ఈ రెండు దారులూ గుర్తుంచుకోండి.

బోర్డులు నా చేతే రాయించారు, తెలుగు చదివానని. షెడ్డు దగ్గర బోర్డుకు "వీక్షణ స్థలి" అని రాసిచ్చాను. డ్రైవరు దాన్ని తలపైకెత్తి చూసి, "వీక్షణ ఎవలమ్మా, మీ సుట్టమా? ఆమె పేరు మీద స్థలం కొన్నరా?" అన్నాడు. వారం రోజులు జీపు ఎక్కే ప్రతి కుటుంబానికీ "వీక్షణమ్మ ఇంటి కాడికి పోదం పట్టుండ్రి" అని చెప్పాడు. నేను తల దించుకుని రిజిస్టర్ రాసుకున్నాను. రాత్రి డైరీలో మాత్రం నేనూ నవ్వాను.

బాట చీలే చోట ఒక వాచర్ ఉండేవాడు. అడవి పక్క ఊరి ముసలాయన, రోజుకూలీ మీద పనిచేస్తాడు. అందరూ తాత అంటారు. వచ్చిన మగవాళ్ళను దాదా అనీ, ఆడవాళ్ళను బాయి అనీ పిలుస్తాడు. అక్కడి తెలుగులో మరాఠీ ముక్కలు కలుస్తాయి. నన్ను మాత్రం బిడ్డా అనేవాడు. చదువు రాదు. నేను రాసిన బోర్డు పక్కనే నిలబడి ప్రతి ఒక్కరికీ దారి నోటితోనే చెప్పేవాడు. వాచర్ పనికి ముందు చాలా ఏళ్ళు సొంత నాగలి దున్నాడు. ఆయన మాటల్లో సగం నా డైరీలో ఉన్నాయి.

ఆ రోజు ఆదివారం. దసరా అయిపోయి, సద్దుల బతుకమ్మ పూలు ఇంకా ఊళ్ళ చెరువుల్లో వాడి తేలుతున్న రోజులు. అడవంతా సీతాఫలాలు కళ్ళు తెరిచి ఉన్నాయి. గేటు బయట ఆడవాళ్ళు గంపలు పెట్టుకుని కూచున్నారు.

పొద్దు బాగా ఎక్కాక మంథని దిక్కు నుంచి ఒక కుటుంబం వచ్చింది. దుబాయ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చిన మనిషి, అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు, అతని అవ్వ, అంటే అమ్మ. సెలవు అయిపోవచ్చింది, బుధవారం విమానం. "నాలుగేండ్లకొచ్చిన. అందరం కలిసి ఏడికన్న పోలేదని పిల్లలు ఏడుస్తుండ్రు" అని పేర్లు రాయిస్తూ చెప్పాడు. అవ్వ కౌంటరు దగ్గర నిలబడలేదు. గంపల దగ్గర నిలబడింది.

కోడలు గట్టిగా పిలిచింది. "అత్తమ్మా, గవ్వి ముట్టకు. పొద్దుగాల షుగర్ గోలి ఏసుకున్నవ్ గద."

"ముడుతలేనే. సూస్తున్న. సూస్తె గూడ షుగరొస్తదా?"

కోడలు నావైపు తిరిగి, "ఎట్ల జేయాలె చెప్పున్రి మేడం. గోలి ఏసుకుంటె ఏళకు తినాలె, లేకుంటె కండ్లు తిరిగి పడిపోతది. తినొద్దన్నవే తింటది. పైన జాగుంటదా, డబ్బాలు ఇప్పి తినెతందుకు?" అంది. ఉంటుందన్నట్టు తల ఊపాను. వాళ్ళు జీపెక్కారు.

తరువాత జరిగింది ముక్కలు ముక్కలుగా తెలిసింది, కానీ వరసలోనే చెప్తాను. షెడ్డు దగ్గర పిల్లలు నాన్నతో ఫోటోలు దిగుతున్నారు. కోడలు దుప్పటి పరిచి డబ్బాలు తీస్తోంది. "అన్నం పెట్టేసరికి జర నడిచొస్త" అని అవ్వ బాట పట్టింది. చీలిక దగ్గర తాతను అడిగింది, ఏ తొవ్వ మోకాళ్ళకు మంచిదని. తాత చెప్పాడు. ఆమె ఒక దారిన పోయింది. వెనక ఆమె ఇంటివాళ్ళు వస్తున్నారనుకున్నాడు తాత. అంతలోనే కాలేజీ పిల్లలు ఒక బస్సెడు రాగా, వాళ్ళను గుట్టకు ఆ పక్కనున్న మంచె దగ్గరికి నడిపించుకుని పోయాడు.

అన్నం ఆరిపోయింది. అవ్వ రాలేదు.

డ్రైవరు సెట్‌లో పలికాడు. "అమ్మా, వీళ్ళ ముసలామె కనబడ్తలేదు. అర్ధ గంటైంది పిలవబట్టి. తాత జూసిండేమో అడుగు."

తాతను పిలిచాను. నాలుగుసార్లు పిలిస్తే గరగరమనే చప్పుడులోంచి గొంతు వచ్చింది.

"గా అవ్వనా? చూసిన బిడ్డా. దాపటి తొవ్వ వట్టింది. ఫికర్ జెయ్యకున్రి, దాపటి తొవ్వకు మనిషిని తోలున్రి, చాలు."

ఆ తరువాత గరగర తప్ప ఏమీ లేదు. మంచె దిక్కు దిగినట్టున్నాడు.

దాపటి. ఆ మాట నేను అంతకుముందు వినలేదు. వినలేదంటే, ఆయన నోట విని ఉంటాను, పట్టించుకోలేదు. డైరీ తీసి రాశాను. రాస్తుంటే ఆనందం కూడా కలిగింది, దాచిపెడితే అబద్ధమవుతుంది. దాపు అంటే దగ్గర. దాపున అంటే దగ్గరలో. నిఘంటువు చూడకుండానే తెలిసిన మాట, పాత పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో. ఈ ముసలాయన నోట ఇంత మంచి పాత మాట ఎట్లా బతికి ఉందో అనుకున్నాను. డైరీలో ఇట్లా రాశాను: "దాపటి తొవ్వ. దాపు = దగ్గర. దగ్గరి దారి కావచ్చు?"

చివర ప్రశ్నార్థకం పెట్టాను. ఇంకోసారి పిలిచి అడగాలనిపించింది. ఒకసారి చెప్పాడు కదా, మళ్ళీ అడిగితే ఏమనుకుంటాడు అనిపించింది. మా ఇంటి అలవాటు. సెట్ పైకెత్తి, పెదవుల దాకా తెచ్చి, దించేశాను. తరువాత రిజిస్టర్ తీసి రాశాను: "వాచర్ సమాచారం: వృద్ధురాలు దగ్గరి దారిలో వెళ్ళింది." రిజిస్టర్లో ప్రశ్నార్థకానికి గడి లేదు.

డ్రైవరుకు చెప్పాను. "దగ్గరి దారి."

"ఒర్రెలకా? ముసలామె గా రాళ్ళల్లకెట్ల దిగిందమ్మా?"

"తాత చెప్పాడు" అన్నాను.

డ్రైవరు, దుబాయ్ మనిషి, మా ఆఫీసు సారు ముగ్గురూ ఒర్రెలోకి దిగారు. నేను గేటు దగ్గర కూచున్నాను. జీపులు వచ్చాయి, పోయాయి. పేర్లు రాశాను. ఆ రోజు రాసిన పేర్లలో చాలా తప్పులున్నాయని తరువాత చూసుకున్నాను. ఒకామె ఊరు గడిలో పేరు, పేరు గడిలో ఊరు. మధ్యమధ్య సెట్‌లో మాటలు. "మడుగు దాక వచ్చినం. లేదు." "మడుగు అవతల చూస్తున్నం." తరువాత చాలాసేపు ఏమీ లేదు. కోడలు చెప్పిన మాట నా చెవిలో సాంచ కొట్టినట్టు కొడుతూనే ఉంది. గోలి వేసుకుంది, తినలేదు, కళ్ళు తిరిగి పడిపోతుంది.

మళ్ళీ డ్రైవరు పలికాడు. గొంతులో ఎప్పటి నవ్వు లేదు. "అమ్మా, మడుగు ఒడ్డుకు ఒక చెప్పు దొరికింది. ఆడోళ్ళది. గీయన పట్టుకొని నిలబడ్డడు. అవ్వదేనా అంటె ఏం చెప్పుతలేడు. గీయన్ను తీస్కోని మీదికి షెడ్డు కాడికి పోయి కోడల్ని అడిగొస్త, జర సేపు."

ఆ జర సేపు ఎంతసేపో నాకు తెలియదు. తరువాత డ్రైవరు చెప్పాడు. దుబాయ్ మనిషి ఆ చెప్పును అటు తిప్పి ఇటు తిప్పి, "మా అవ్వ ఎసొంటి చెప్పులేసుకుంటదో నాకెరుక లేదన్నా" అన్నాడట. నాలుగేళ్ళుగా ప్రతి శుక్రవారం ఫోన్‌లో అవ్వ మొహం చూశాడు. ఫోన్‌లో కాళ్ళు కనపడవు. పైన కోడలు ఆ చెప్పును చూసీ చూడగానే, "కాదు, అత్తమ్మవి నల్లయి, ఎడమదానికి పిన్నీసు పెట్టి ఉంటది" అందట. అది ఎప్పటిదో, ఎవరిదో.

చెప్పు అవ్వది కాదని సెట్‌లో విన్నాక నాకు ఊపిరి వచ్చింది. వచ్చిన వెంటనే భయం ఇంకా పెరిగింది. చెప్పు కూడా లేదంటే ఆమె ఎక్కడుంది?

పొద్దు గుట్టల మీదికి వాలుతున్నప్పుడు తాత కాలేజీ పిల్లల్ని బస్సెక్కించడానికి మంచె దిక్కు బాటన గేటు దగ్గరికి నడిచి వచ్చాడు. భుజం మీది కండువాతో మొహం తుడుచుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చి, "అవ్వకు అన్నం వెట్టిన్రా?" అని అడిగాడు.

"దొరకలేదు తాతా."

"అదేంది? చెక్‌పోస్టు కాడికి ఎవలు పోయిన్రు?"

"చెక్‌పోస్టు దగ్గరికి ఎందుకు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "దాపటి తొవ్వ ఆడికే గద బిడ్డా దిగేది."

 ఆ ఉద్యోగంలో మొదటిసారి, బహుశా నా బతుకులోనే మొదటిసారి, మనిషి మొహం చూసి ఒక మాటకు అర్థం అడిగాను. "దాపట అంటే ఏంది తాతా?"

ఆయన నవ్వలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, కనపడని నాగలి మేడిని పట్టుకున్నట్టు నిలబడ్డాడు. "ముంగట రెండెడ్లుంటయి గదా. గీ పక్కది ఎలపటెద్దు" అని కుడి చెయ్యి కదిపాడు. "గీ పక్కది దాపటెద్దు." ఎడమ చెయ్యి కదిపాడు. "మీ ఇంట్ల ఎడ్లు లెవ్వా?"

"మా ఇంట్లో సాంచాలు" అన్నాను.

సెట్ ఎత్తాను.  తాతే సెట్ నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఓ దాదా, దాపటి తొవ్వరా, దాపటి తొవ్వ. జీపు చెక్‌పోస్టు కాడికి తే."

 అటు నుంచి డ్రైవరు, "దాపటిదా? మరి దగ్గరి దారని..." అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయలేదు. నాకు ఆ సగం మాట ఇప్పటికీ వినపడుతుంది.

బస్సు వెనకే కింది నుంచి మా ఇంకో జీపు వచ్చింది. తాత ఎక్కాడు. కౌంటరు మూసి నేనూ ఎక్కాను. ఎక్కమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ ఘాట్ రోడ్డును చూడ్డానికి హైదరాబాద్ నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. నేను కిటికీలోంచి ఏమీ చూడలేదు. పాత చెక్‌పోస్టు మలుపు ఎప్పుడొస్తుందా అని మాత్రమే చూశాను.

చెక్‌పోస్టు అరుగు మీద అవ్వ కూచుని ఉంది. కాళ్ళు చాపుకుని, చెప్పులు పక్కన జత కలిపి పెట్టుకుని. ఎడమ చెప్పుకు పిన్నీసు. ఒడి పక్కన సీతాఫలం తొక్కలు, వాటి ముందు నల్లటి గింజల కుప్ప. మొహం వడిలి ఉంది కానీ కళ్ళు బాగానే ఉన్నాయి. పై నుంచి జీపు కూడా అప్పుడే దిగింది. కొడుకు దూకి వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు. ఒర్రెలో దొరికిన ఆ చెప్పు ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఏడికి పోయినవే అవ్వా?"

"నేనేడికి పోయిన? ఈడనే ఉన్న. గీ ముసలాయన జెప్పిండు, దాపటి తొవ్వ మెత్తగుంటది, చెక్‌పోస్టు కాడ దిగుతదని. జీపు తొవ్వకే కదా ఉన్నది, మీరు తిరిగొచ్చెటప్పుడు ఎక్కించుకుంటరనుకున్న. పోయిన జీపులల్ల మీరు లేరని ఊకున్న. మల్లొచ్చి చెప్పిపోదునంటె మీరు ఫోటోల మీదున్రి." కొడుకు చేతిలోది చూసింది. "గది ఎవల చెప్పురా? నా చెప్పులు నా కాడనే ఉన్నయ్ గద."

 కోడలు జీపు దిగి వచ్చి తొక్కల వైపు చూసింది.

"తిన్నవా అత్తమ్మా?"

"కండ్లు తిరిగినయ్ బిడ్డా. చెమటలు వట్టినయ్. చెట్టు ముంగటనే ఉండె. రెండు తిన్న." కాస్త ఆగి, గింజల కుప్పను కొంగుతో కప్పుతూ, "నాలుగు తిన్న" అంది.

కోడలు ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో, "తిన్నదే మంచిగైంది, పాడుగాను" అని అరుగు మీదే కూచుని ఆమె కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది. తాత పక్కకు పోయి బీడీ వెలిగించాడు. డ్రైవరు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "తాత మాట తాత మాటలెక్కనే చెప్తే అయిపోతుండె గదమ్మా. దాపట అంటె నాకెరుకే. మా ఇంట్ల రెండు జతల ఎడ్లుండె."

నాకు ఇదే అన్నింటికంటే తికమక. నేను మాట మోసేదాన్ని. మోయమన్న మాటను విప్పి, చదివి, నాకు నచ్చిన అర్థం పెట్టి మళ్ళీ కట్టి ఇచ్చాను. చదువు రానిదాన్నయి ఉంటే ఆ మాట ఉన్నది ఉన్నట్టు చేరేది. మరి చదువుకున్నది ఎందుకు? ఆ రాత్రి డైరీలో ఈ ప్రశ్న రాసి, జవాబు రాయకుండా నిద్రపోయాను.

కథ ఇక్కడ అయిపోలేదు. మరునాడు సారు రిజిస్టర్ తెప్పించుకున్నారు. దుబాయ్ మనిషి వెళ్ళేముందు సందర్శకుల పుస్తకంలో రెండు వరసలు రాశాడట, తప్పుడు దారి చెప్పారని. రాసినదాంట్లో అబద్ధం లేదు. సారు నా రాతను వేలితో చూపించి చదివారు. వాచర్ సమాచారం, దగ్గరి దారి. నా అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉంటాయి, ఎవరూ తప్పు చదవలేరు.

"ముసలాయనకు మతి తప్పుతున్నది. దగ్గరిదేదో దూరందేదో తెలుస్తలేదు. రేపటి సంది పనికి రావొద్దని చెప్పుదం" అన్నారు.

తాతను పిలిపించారు. ఆయన కండువా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను గది మూలలో ఉన్నాను. ఆయన నావైపు చూడనేలేదు. "నా నోరే సక్కగ లేదు సార్. గా గరగరల నేనేమన్ననో నాకే ఎరుక లేదు. పిల్ల రాసినంక అదే నిజం గావచ్చు" అన్నాడు.

నేను మాట్లాడవలసిన చోటు అదే. మాట నోటి దాకా వచ్చింది, సెట్ వచ్చినట్టే. తాత దండం పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. మనుషులు వెళ్ళాక మాటలు వస్తాయని చెప్పాను కదా. కానీ ఈసారి సారు ఇంకా అక్కడే ఉన్నారు.

నేను మాట్లాడలేదు. నా గదికి వెళ్ళి డైరీ తెచ్చి, ఆ పేజీ తెరిచి, ఆయన బల్ల మీద పెట్టాను. అంతవరకూ ఆ డైరీని మా అవ్వ కూడా తెరిచి చూడలేదు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పేజీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. ఆ పేజీ మొదట్లో ఏముందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. "సారు ఇవాళ కూడా జుట్టుకు రంగు వేసుకుని వచ్చారు. ఎడమ చెవి మీద నల్లటి మరక. ఎవరైనా చెప్తే బాగుండు."

ఆయన చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. నేను నేల చూశాను. ఆయన చదువుతూ కిందికి దిగారు. దాపటి తొవ్వ. దాపు అంటే దగ్గర. దగ్గరి దారి కావచ్చు. అక్కడ ఆగారు.

"నువ్వు ప్రశ్న గుర్తు పెట్టినవ్ గద. డౌటున్నది నీకు. మరి మల్లొక్కసారి అడగొద్దా?"

"అడగాలంటే మాట్లాడాలి కదా సార్" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. కోపమా, జాలా అన్నది ఇప్పటికీ చెప్పలేను. డైరీ మూసి నావైపు జరిపారు. "రిజిస్టర్ల నీ తప్పు నువ్వే దిద్దు. ఎర్ర సిరాతో. కింద సంతకం పెట్టు" అన్నారు. తరువాత, "ముసలాయన్ను పిల్వు" అన్నారు. నాకు మెమో ఇచ్చారు. అది నా దగ్గరే ఉంది, డైరీలో అదే పేజీలో.

దిద్దడానికి కూచున్నాను. "దగ్గరి" అన్న మాట కొట్టేసి "ఎడమ" అని రాయబోయాను. రాయలేదు. "దాపటి" అని రాశాను. సారుకు అర్థమైందో లేదో, సంతకం చూసి రిజిస్టర్ మూసేశారు.

తాత పనిలోనే ఉన్నాడు. ఆ సాయంత్రం జీపు మీద పైకి వెళ్ళి చీలిక దగ్గర ఆయన్ను కలిశాను. నన్ను క్షమించమని అడగాలని వెళ్ళాను. కానీ నోట వచ్చింది వేరే ప్రశ్న. ముందురోజు రాత్రి నుంచి నన్ను తినేస్తున్న ప్రశ్న. "తాతా, నువ్వు ఇక్కడ మనుషులకు ఎదురుగా నిలబడతావు కదా. నీ ఎడమ వాళ్ళకు కుడి. అప్పుడు దాపట అంటే ఎవరి దాపట?"

 ఆయన నా భుజాలు పట్టుకుని బాట వైపు తిప్పి, నా వెనక నిలబడ్డాడు.

"ఎడ్లు ఎనకకు నడుస్తయా బిడ్డా?" అన్నాడు.

కాంట్రాక్టు ముగిసేదాకా ఆ గేటు దగ్గరే ఉన్నాను. సెట్‌లో వచ్చిన మాటను వచ్చినట్టే మోశాను. అర్థం కానప్పుడు మళ్ళీ అడగడానికి ప్రయత్నించాను. ప్రతిసారీ అడిగానని చెప్పలేను. మొదటిసారి అడగడం కంటే రెండోసారి అడగడం ఎందుకంత కష్టమో నాకు ఇంకా తెలియదు.

వచ్చేసే రోజు తాత కండువాలో కట్టి నాలుగు సీతాఫలాలు ఇచ్చాడు. ఇస్తూ, "మీ సాంచకు గూడ దాపట ఎలపట ఉంటయా?" అని అడిగాడు. నాకు తెలియలేదు. ఇరవై మూడేళ్ళు ఆ సాంచాల పక్కన పెరిగాను, వాటికి ఏ పక్కను ఏమంటారో తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను.

సిరిసిల్లలో బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి. బాపు మధ్యలో నిలబడి తెగిన పోగు అతుకుతున్నాడు. సంచి కూడా దించకుండా దగ్గరికి వెళ్ళి అడిగాను. "బాపూ, సాంచకు ఈ పక్కను ఏమంటారు?"

ఆయన నా పెదవుల వైపు చూసి, అన్నం తిన్నావా అని అడుగుతున్నాననుకుని తల ఊపాడు.

నేను ఇంకా దగ్గరికి జరిగి, గొంతు పెంచి మళ్ళీ అడిగాను.